ఏళ్ల తరబడి వాడుతున్న గ్యాస్ మాత్ర: మార్చాలా, తగ్గించాలా, అలాగే ఉంచాలా?

కృష్ణాతీరం:

మా అమ్మకు 67 ఏళ్లు. మేము విజయవాడలో ఉంటాము. 2016లో ఛాతీలో మంట, పుల్లని తేన్పులు, రాత్రి పడుకోగానే గొంతులోకి పులిసిన నీళ్లు రావడం ఎక్కువైతే ఎండోస్కోపీ చేయించాము. అన్నవాహిక చివర చిన్న ఒరుపులు (లోపలి పొర చెదిరిన చిన్న పుండ్లు) ఉన్నాయని, లాస్ ఏంజెలెస్ వర్గీకరణ ప్రకారం అది 'ఎ' గ్రేడు అని, అంటే నాలుగింటిలోనూ అన్నిటికంటే తక్కువ తీవ్రత గలదని రిపోర్టులో రాశారు. అప్పుడు పొట్టలో ఆమ్లం తగ్గడానికి ఎనిమిది వారాలకని ఇచ్చిన పాంటాప్రజోల్ 40 మిల్లీగ్రాముల మందు తొమ్మిదేళ్లయినా ఆగలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. డబ్బాలో రెండు మాత్రలు మిగిలాయనగానే ఖాళీ స్ట్రిప్ పట్టుకువెళ్లి వీధి చివరి మందుల షాపులో చూపించి కొత్తవి తెచ్చుకోవడం పాల ప్యాకెట్లు తెచ్చుకున్నంత మామూలైపోయింది.

అమ్మ థైరాయిడ్‌కు థైరాక్సిన్, షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ కూడా వాడుతోంది. గత నెలలో బంధువులొకరు పంపిన వీడియోలో ఈ గ్యాస్ మాత్రలు కిడ్నీలను పాడుచేస్తాయని, మతిమరుపు తెస్తాయని చెప్పారు. అది చూసినప్పటి నుంచి ఆమె మాత్ర చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించి, మళ్లీ వేసుకుంటోంది. ఇద్దరు డాక్టర్లను అడిగాము. ఒకరు, ఆమ్లాన్ని ఇంకా గట్టిగా అణచే, కొత్తగా వచ్చిన వొనోప్రజాన్‌కు మారమన్నారు. మరొకరు దీనికంటే తేలికపాటి మందైన ఫామోటిడిన్‌కు దిగి, అక్కడి నుంచి మెల్లగా మానేయమన్నారు. అమ్మ మాత్రం "ఇన్నేళ్లూ నన్ను నిద్రపోనిచ్చింది ఈ మాత్రేరా, దీన్ని తీసేస్తే మళ్లీ ఆ రాత్రులు నావల్ల కాదు" అంటోంది. అనుభవం ఉన్నవారు, విషయం తెలిసినవారు తమ అభిప్రాయం కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాతమందులషాపు:

రాజమండ్రిలో 34 ఏళ్లు మందుల షాపు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న ఫార్మసిస్టును. డాక్టరును కాను కాబట్టి, మందు మార్చే నిర్ణయం మీ డాక్టరుగారిదే అన్న మాట ముందే చెప్పి నా అభిప్రాయం రాస్తున్నాను.

భయంతో మాత్రం మార్చవద్దు. ఆ వీడియోలో చెప్పిన కిడ్నీ, మతిమరుపు భయాలు 2016 ప్రాంతంలో వచ్చిన కొన్ని పరిశీలనాత్మక అధ్యయనాల నుంచి పుట్టాయి. అవి, మాత్ర వాడినవారిలో ఫలానా జబ్బు కొంచెం ఎక్కువగా కనిపించిందని లెక్కకట్టినవే తప్ప, ఆ జబ్బు మాత్ర వల్లనే వచ్చిందని తేల్చినవి కావు. ఎందుకంటే ఈ మాత్ర ఏళ్ల తరబడి వాడేవారు సాధారణంగా వయసు మీరినవారు, బరువు ఎక్కువ ఉన్నవారు, నొప్పి మాత్రలు వేసుకునేవారు, పది రకాల జబ్బులతో ఉన్నవారు అయి ఉంటారు. 2019లో ఫలితాలు ప్రచురించిన కంపాస్ అధ్యయనంలో 17,598 మందిని చీటీలు తీసినట్లుగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పాంటాప్రజోల్ 40, మరొక జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్లు గమనించారు. కిడ్నీ జబ్బులోగానీ, మతిమరుపులోగానీ, ఎముకలు విరగడంలోగానీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. పేగుల ఇన్ఫెక్షన్లు మాత్రం ఉత్తుత్తి మాత్ర జట్టులో నూటికి 1.0 ఉంటే, పాంటాప్రజోల్ జట్టులో 1.4 వచ్చాయి. అమ్మగారు వాడుతున్న మందుతోనే, అదే మోతాదుతో జరిగిన పరీక్ష కాబట్టి దీనికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇక మీరు చెప్పని విషయాలు రెండున్నాయి. మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నారు? స్ట్రిప్ మీద అక్షరాలా ఏమని రాసి ఉంది? బ్రాండు పేరు ఇక్కడ అవసరం లేదు. దాని కింద చిన్న అక్షరాలతో ఉండే మందుల పేర్లు, మిల్లీగ్రాములు చూసి చెప్పండి. ఈ రెండూ తెలియకుండా మార్చాలా వద్దా అన్న చర్చ గాలిలో చేసినట్లే అవుతుంది.

వరంగల్ మాస్టారు:

పాతమందులషాపు గారి మాటల్లో చాలావరకు ఒప్పుకుంటాను. కానీ వారు అడగని ప్రశ్న ఒకటుంది: తొమ్మిదేళ్ల కిందట 'ఎ' గ్రేడు ఒరుపులకు ఎనిమిది వారాలకని ఇచ్చిన మందు ఇవాళ ఆమెకు ఎందుకు అవసరం? హాని లేదని తేలినంత మాత్రాన అవసరం ఉన్నట్లు కాదు. అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సూచనల్లో కూడా దుష్ఫలితాల భయంతో ఆపవద్దనే చెప్పారు. అదే పత్రంలో, వాడడానికి ఖచ్చితమైన కారణం లేనివారందరి విషయంలో ఆపి చూసే ప్రయత్నాన్ని పరిశీలించాలని కూడా చెప్పారు. మొదటి సగం అందరూ చెబుతారు, రెండో సగం ఎవరూ చెప్పరు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. పాంటాప్రజోల్ జాతికే చెందిన రాబెప్రజోల్ ఆరేళ్లు వాడాను. మొదటిసారి ఒక ఆదివారం పట్టుదలతో ఒక్కసారిగా మానేశాను. మూడు రోజులు బాగానే ఉన్నాను. నాలుగో రోజు రాత్రి రెండు గంటలకు, గొంతు నుంచి బొడ్డు దాకా కారం రాసినట్లు మంట లేచి, మంచం మీద కూర్చుని తెల్లవారేదాకా చల్లటి పాలు తాగుతూ గడిపాను. ఉదయం ఆరింటికి మాత్ర వేసుకుని, ఇక ఇది లేకుండా నేను బతకలేనని నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయమే తప్పని నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది.

జరిగేది ఏమిటంటే, పొట్టలో ఆమ్లం తగ్గిన కొద్దీ శరీరం గ్యాస్ట్రిన్ అనే హార్మోనును ఎక్కువగా వదులుతుంది. ఆమ్లాన్ని ప్రేరేపించే కణాలు నెలల తరబడి ఆ హార్మోను తాకిడికి పెరిగి బలపడతాయి. మాత్ర ఆపగానే, అది అప్పటిదాకా మూసి ఉంచిన ఆమ్లపు పంపులన్నీ తెరుచుకుని, మునుపటి కంటే ఎక్కువ ఆమ్లం వస్తుంది. 2009లో డెన్మార్క్ పరిశోధకులు, ఏ జబ్బూ లేని 120 మందిని తీసుకుని, కొందరికి ఎనిమిది వారాలు అదే జాతి మందైన ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపితే, ఆ తర్వాతి నాలుగు వారాల్లో వారిలో నూటికి 44 మందికి మంట, పుల్లని తేన్పులు వంటి బాధలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వాడి ఆపినవారిలో అవి నూటికి 15 మందికే వచ్చాయి. అంటే జబ్బే లేనివారికి కూడా మందు ఆపితే జబ్బు ఉన్నట్లే అనిపించింది. కృష్ణాతీరం గారి అమ్మగారు "తీసేస్తే ఆ రాత్రులు నావల్ల కాదు" అంటున్నది ఏ నాటి రాత్రుల గురించో, 2016 నాటి జబ్బు గురించో, మధ్యలో ఏ రెండు రోజులో మాత్ర మరచిపోయినప్పుడు వచ్చిన మంట గురించో ఒకసారి నిదానంగా అడగండి.

రెండోసారి నేను 20 నుంచి 10కి దిగి ఒక నెల, తర్వాత రోజు విడిచి రోజు ఒక నెల, ఆ తర్వాత రాత్రిపూట ఫామోటిడిన్ 20తో కొన్ని వారాలు గడిపి ఆపగలిగాను. మంచం తలవైపు కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాము. రాత్రి భోజనం ఏడున్నరకు మార్చాము. ఇప్పుడు పెళ్లి భోజనం చేసిన రోజున తప్ప నాకు ఏ మాత్రా లేదు. కాబట్టి రెండో డాక్టరుగారు చెప్పిన దారే సరైనదని నా అభిప్రాయం.

రాత్రిషిఫ్టు:

మాస్టారి అనుభవాన్ని గౌరవిస్తూనే, అది అందరికీ వర్తించదని చెప్పదలచాను. నాకు 41 ఏళ్లు, హైదరాబాదులో రాత్రిపూట ఉద్యోగం చేస్తాను. నాది 'సి' గ్రేడు. పాంటాప్రజోల్ రోజుకు రెండుసార్లు వేసుకున్నా తెల్లవారుజామున గొంతు మండేది, బొంగురు పోయేది. పోయిన సంవత్సరం డాక్టరు వొనోప్రజాన్ రాశారు. మూడో రోజుకే తేడా తెలిసింది.

కారణం కూడా వివరించారు. పాంటాప్రజోల్, లాన్సొప్రజోల్ వంటి పాత మందులు పొట్టలోని ఆమ్లం తగిలితేనే పనిలోకి దిగుతాయి, అందుకే భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి, పూర్తి ఫలితానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. వొనోప్రజాన్‌కు ఆ నియమం లేదు; భోజనంతో సంబంధం లేకుండా వేసుకోవచ్చు, మొదటి రోజు నుంచే పనిచేస్తుంది, రాత్రంతా పట్టు ఉంటుంది. జపాన్‌లో 2014లోనే అనుమతి పొందింది, కాబట్టి నిన్నమొన్నటి మందు కాదు. 1,024 మంది మీద జరిపిన పరీక్షలో ఎనిమిది వారాలకు లాన్సొప్రజోల్‌తో నూటికి 85 మందికి ఒరుపులు మానితే, దీనితో 93 మందికి మానాయి. పాత మందు చాలనివారికి ఇది నిజంగా వరమే. అమ్మగారికి రాత్రి బాధే ప్రధానం అయితే మొదటి డాక్టరుగారి మాట ఎందుకు తోసిపుచ్చాలి?

పాతమందులషాపు:

రాత్రిషిఫ్టు గారూ, మీ విషయంలో మీ డాక్టరు చేసింది సరైన పనే. అయితే అదే పరీక్షలో ఆ మందు ఆధిక్యం ఎక్కువగా బయటపడింది మీలాంటి 'సి', 'డి' గ్రేడుల వారిలో. అమ్మగారిది 'ఎ'. పైగా ఆమెకు ఇప్పుడు వాడుతున్న మందుతో మంట అదుపులోనే ఉంది. ఆమె బాధ మంట గురించి కాదు, దీర్ఘకాలం వాడకం గురించి. దీర్ఘకాలం వాడకానికి భయపడి, గ్యాస్ట్రిన్‌ను పాత మందుల కంటే ఎక్కువగా పెంచే మందుకు మారడంలో అర్థం లేదు. జపాన్‌లో అయిదేళ్లు గమనించిన అధ్యయనంలో దాని వల్ల క్యాన్సరు మార్పులేవీ కనిపించలేదన్నది ధైర్యమిచ్చే మాటే. కానీ పాంటాప్రజోల్ 1994 నుంచి జనం వాడుతున్న మందు, దాని గుణదోషాలు మూడు దశాబ్దాలుగా మన కళ్లెదుట ఉన్నాయి. అన్నిటికీ మించి, వొనోప్రజాన్‌కు మారితే అమ్మగారి చేతిలో మాత్ర మారుతుందే గానీ, మాత్ర ఎందుకన్న ప్రశ్న మారదు.

కృష్ణాతీరం గారూ, స్ట్రిప్ చూశారా?

ఎడిసన్ నుంచి:

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మా నాన్నగారు నెల్లూరులో ఉంటారు. గుండెకు స్టెంటు వేశాక ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో పాటు పాంటాప్రజోల్ కూడా ఇచ్చారు. ఆయన కూడా ఇలాంటి వీడియోనే చూసి, మంట లేదు కదా, గ్యాస్ మాత్ర దేనికని, ఎవరికీ చెప్పకుండా మానేశారు. నాలుగు నెలల తర్వాత ఒకరోజు ఫోనులో అమ్మ, "మీ నాన్నగారు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు" అంది. విరేచనం తారులాగా నల్లగా అవుతోందని అంతకు వారం ముందే ఆయనకు తెలుసు. ఐరన్ ఉన్న ఆహారం వల్ల అనుకున్నారట. ఆసుపత్రికి వెళ్లేసరికి హిమోగ్లోబిన్ 6.4. పొట్టలో పుండు నుంచి రక్తం కారుతోంది. మూడు సీసాల రక్తం ఎక్కించారు.

ఆ మాత్ర ఆయనకు మంట కోసం ఇచ్చింది కాదు, రక్తం పలుచబడే మందుల వల్ల పొట్టలో రక్తస్రావం కాకుండా కాపలాగా ఇచ్చింది. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఈ చర్చ చదివేవారిలో అటువంటి తల్లిదండ్రులు ఉన్నవారు తప్పకుండా ఉంటారు కాబట్టి చెబుతున్నాను: స్టెంటు ఉన్నవారు, ఆస్పిరిన్ వంటి మందులు వాడుతూ వయసు మీరినవారు, ఒకసారి పొట్టలో రక్తస్రావం అయినవారు, ఎండోస్కోపీలో 'సి', 'డి' గ్రేడు వచ్చినవారు, బారెట్స్ (అన్నవాహిక లోపలి పొర మారిపోయే స్థితి) అని రాసినవారు మాస్టారు చెప్పిన దారి తమంతట తాము పట్టవద్దు. మాస్టారు చెప్పిన 2022 సూచనల్లోనే వీరిని మినహాయించారు. అలాగే క్లోపిడోగ్రెల్ వాడేవారు పాంటాప్రజోల్ తీసి ఒమెప్రజోల్‌కో ఎసోమెప్రజోల్‌కో మారకూడదు. అవి క్లోపిడోగ్రెల్‌ను పనిలోకి దింపే ఎంజైమును అడ్డుకుంటాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009 నుంచి హెచ్చరిస్తోంది. షాపులో "అన్నీ ఒకటేనండీ, ఇది తీసుకోండి" అంటే నమ్మవద్దు.

వరంగల్ మాస్టారు:

ఎడిసన్ గారూ, నేను ముందే ఈ మినహాయింపు రాయవలసింది. రాయకపోవడం నా పొరపాటు. నాన్నగారు ఇప్పుడు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

కృష్ణాతీరం:

పాతమందులషాపు గారు అడిగినట్లు ఇవాళ కిటికీ దగ్గర వెలుతురులో స్ట్రిప్ పెట్టుకుని చదివాను. వెండిరంగు రేకు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. బ్రాండు పేరు చివర 'డి' ఉంది. కింద పాంటాప్రజోల్ 40 మిల్లీగ్రాములు, డోమ్‌పెరిడోన్ 30 మిల్లీగ్రాములు, నెమ్మదిగా విడుదలయ్యే క్యాప్సూల్ అని ఉంది. 2016 నాటి చీటీ తీసి చూస్తే అందులో ఒట్టి పాంటాప్రజోల్ మాత్రే ఉంది. ఈ మార్పు ఎప్పుడు జరిగిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఒకసారి షాపులో అది లేక ఇది ఇచ్చి ఉంటారు, తర్వాత దాని ఖాళీ స్ట్రిప్పే చూపిస్తూ వచ్చి ఉంటాము.

ఇక వేళ సంగతి: ఆరింటికి పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. దాని తర్వాత గంటసేపు ఏమీ తీసుకోకూడదన్నారని, గ్యాస్ మాత్రను టిఫిన్ అయ్యాక తొమ్మిదింటికి మిగతా మాత్రలతో కలిపి వేసుకుంటోంది.

పాతమందులషాపు:

నేను భయపడింది ఇదే. ముప్పై నాలుగేళ్లలో కౌంటరు అవతలి నుంచి వందల మంది చేతుల్లో ఇటువంటి స్ట్రిప్పులు చూశాను, ఆ వృత్తిలో ఉన్నవాడిగా చెప్పడానికి బాధగానే ఉంది.

డోమ్‌పెరిడోన్ అనేది ఆమ్లాన్ని తగ్గించే మందు కాదు, వాంతులకు, వికారానికి, పొట్ట కదలికకు ఇచ్చే మందు. గుండె లయలో తేడా తెచ్చే గుణం ఉన్నందువల్ల ఐరోపా ఔషధ సంస్థ 2014లో దీన్ని వాంతులు, వికారాలకే పరిమితం చేసి, సాధారణంగా వారం రోజులకు మించి వాడవద్దని చెప్పింది. అరవై దాటినవారిలో, రోజుకు 30 మిల్లీగ్రాములు మించి వాడేవారిలో ప్రమాదం ఎక్కువని కూడా చెప్పింది. అమెరికాలో దీనికి అసలు అనుమతే లేదు. అమ్మగారికి 67 ఏళ్లు, రోజూ 30 మిల్లీగ్రాములు, ఎన్నేళ్లుగానో తెలియదు. దీనికి తోడు జ్వరానికో దగ్గుకో క్లారిత్రోమైసిన్, చర్మానికో గోళ్లకో ఫ్లూకోనజోల్ వంటివి రాస్తే అవి దీని మోతాదును రక్తంలో పెంచి మరింత ముప్పు తెస్తాయి. వీడియోలో చెప్పిన వాటన్నిటికంటే ఇది నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. కంపాస్ పరీక్షలో ఇచ్చింది ఒట్టి పాంటాప్రజోల్ కాబట్టి, నేను మొదట చెప్పిన ధైర్యపు మాట ఈ 'డి'కి వర్తించదు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

రెండో సంగతి. టిఫిన్ తర్వాత వేసుకుంటే పాంటాప్రజోల్ బలం కొంత వృథా అవుతుంది. ఆ మందు రక్తంలో ఉండేది కొన్ని గంటలే. ఆ సమయంలోనే భోజనం పడి పంపులు మేల్కొంటేనే వాటిని మూయగలదు. అమ్మగారికి బాధ రాత్రి పూట కాబట్టి, రాత్రి భోజనానికి ముప్పావు గంట ముందు వేసుకోవచ్చేమో డాక్టరుగారిని అడగండి. ఉదయం థైరాయిడ్ మాత్రతో పోటీ కూడా తప్పుతుంది. అయితే ఒక మాట. ఆమ్లం తగ్గితే థైరాక్సిన్ ఒంటబట్టడం కూడా కొంత తగ్గుతుంది, అది వేళ మార్చినంత మాత్రాన పూర్తిగా పోదు. కాబట్టి గ్యాస్ మాత్ర మార్చినా, తగ్గించినా, ఆరు నుంచి ఎనిమిది వారాలకు థైరాయిడ్ స్థాయి చూసే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కూడా అన్నవాహిక కింది బిగింపును కొంత వదులు చేయగలదు. దాన్ని మీరు ముట్టుకోవద్దు గానీ, ఆ మాట డాక్టరుగారి చెవిన వేయండి.

నల్లమల:

ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. 'డి' గురించి చెప్పారు కాబట్టి దానికి సోదరి వంటి మరో మందు గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మా అత్తగారికి రాబెప్రజోల్‌తో లెవోసల్పిరైడ్ కలిపిన క్యాప్సూల్ ఏడాదిన్నర వాడారు. మెల్లగా నడక చిన్న చిన్న అడుగులైంది, ముఖంలో నవ్వు పోయింది, ముగ్గు వేస్తుంటే పిండి గీత వణికేది. పార్కిన్సన్స్ అని నిర్ధారించి దానికి మరో మూడు మాత్రలు మొదలుపెట్టారు. చివరికి ఒక నరాల డాక్టరు మందుల సంచీ మొత్తం బల్ల మీద బోర్లించి, ఒక్కొక్క స్ట్రిప్ చదివి, "అమ్మా, ఈ గ్యాస్ బిళ్ల ఎప్పటి నుంచి?" అని అడిగారు. అది ఆపిన అయిదు నెలలకు ఆమె మళ్లీ తిన్నగా ముగ్గు వేశారు.

డోమ్‌పెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు, లెవోసల్పిరైడ్ వెళుతుంది, అదే తేడా అని ఆయన చెప్పారు. మందు మార్చేటప్పుడు "గ్యాస్ మాత్రే కదా" అని ఏది ఇస్తే అది తీసుకోకండి. పేరు చివర 'ఎల్' అనో, 'ఎల్‌ఎస్' అనో ఉంటే, అది ఎందుకు, ఎన్నాళ్లకు అని అడిగి తీరాలి.

రాత్రిషిఫ్టు:

నల్లమల గారి అనుభవం చదివాక మా ఇంట్లో నాన్నగారి స్ట్రిప్పులన్నీ చూశాను. 'డి' దొరికింది.

వరంగల్ మాస్టారు:

ఇప్పుడు అందరం ఒక చోటికి వస్తున్నట్లుంది గానీ, నా మొదటి ప్రశ్నను మాత్రం నేను వదలను. 'డి' తీసేసి ఒట్టి పాంటాప్రజోల్ ఇస్తే ఆ తొందర ముప్పు తొలగుతుంది. ఆ తర్వాత? మళ్లీ తొమ్మిదేళ్లా? పాతమందులషాపు గారు కంపాస్ మూడేళ్ల పరీక్ష అని చెప్పారు; అమ్మగారిది దానికి మూడింతల కాలం. పరిశీలనాత్మక అధ్యయనాలన్నీ బలహీనమైనవని కొట్టేయడం కూడా న్యాయం కాదు. బి12 విషయం చూడండి: ఆహారంలోని బి12ను మాంసకృత్తుల నుంచి విడదీయడానికి ఆమ్లం కావాలన్నది పాఠ్యపుస్తకంలో మాట. 2013లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన పెద్ద అధ్యయనంలో రెండేళ్లకు మించి వాడినవారిలో బి12 లోపం ఎక్కువగా కనిపించింది. అమ్మగారు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ను తగ్గించేదే. ఇంట్లో మాంసాహారం లేకపోతే మూడు కారణాలు ఒకే మనిషి మీద పడినట్లు. మెగ్నీషియం తగ్గుతుందని అమెరికా సంస్థ 2011లోనే హెచ్చరించింది. అరికాళ్ల తిమ్మిర్లు, పిక్కలు పట్టేయడం వంటివి ఉంటే షుగరు వల్లనో వయసు వల్లనో అని సరిపెట్టుకోకుండా ఈ రెండు పరీక్షలు చేయించండి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఫామోటిడిన్‌ను శాశ్వతమైన బదులుగా చూడకూడదు. రోజూ వేసుకుంటే రెండు మూడు వారాల్లోనే శరీరం దానికి అలవాటుపడి ఫలితం తగ్గుతుంది. కిడ్నీ పనితీరు తగ్గినవారికి మోతాదు తగ్గించాలి, లేకపోతే వృద్ధులలో అయోమయం రావచ్చు. అది దిగడానికి మెట్టు మాత్రమే. ఇంట్లో, ఫామోటిడిన్ జాతికే చెందిన పాత రానిటిడిన్ స్ట్రిప్పులు ఉంటే వాటి జోలికి వెళ్లవద్దు. అందులో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సరు తేగలదని భావించే మలినం నిల్వ ఉన్న కొద్దీ పెరుగుతోందని తేలి అమెరికాలో 2020 ఏప్రిల్‌లో దాన్ని అంగళ్ల నుంచి తీసేయించారు, మన ప్రభుత్వం 2022లో అత్యవసర మందుల జాబితా నుంచి తొలగించింది.

పాతమందులషాపు:

మాస్టారూ, బి12 విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆపే ప్రయత్నం చేయవద్దని నేను అనడం లేదు. 67 ఏళ్ల మనిషికి, నిద్ర పోతుందన్న భయం ఉన్నప్పుడు, 20 మిల్లీగ్రాములతో హాయిగా నిద్రపోగలిగితే అక్కడ ఆగిపోవడం ఓటమి కాదని మాత్రం అంటున్నాను. సున్నాకు చేరితేనే గెలుపు అన్న పట్టుదల మీది. అవసరమైన కనీస మోతాదు చాలన్నది నాది. ఈ తేడా మన మధ్య ఉండనివ్వండి.

కృష్ణాతీరం:

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించాలి.

మీ సమాధానాలలోని ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకుని, మందుల స్ట్రిప్పులన్నీ సంచీలో వేసుకుని మా ఫ్యామిలీ డాక్టరుగారి దగ్గరకు వెళ్లాము. ఫామోటిడిన్ చెప్పింది ఆయనే. 'డి' ఉన్నదని ఆయనకూ తెలియదు, ఎందుకంటే మేము ఎప్పుడూ "పాంటాప్రజోల్ వాడుతున్నాము" అనే చెప్పాము. ఆ క్యాప్సూల్‌ను అప్పటికప్పుడే ఆపించి, ఈసీజీ తీయించారు. అందులో తేడా ఏమీ లేదన్నారు. రక్తపరీక్షల్లో కిడ్నీ, మెగ్నీషియం బాగానే ఉన్నాయి. బి12 మాత్రం 160 ఉంది, తక్కువ. అరికాళ్ల తిమ్మిర్లు రెండేళ్లుగా ఉన్నాయని అమ్మ అక్కడ కూర్చున్నాక చెప్పింది. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మింగడం కష్టంగా ఉండడం, బరువు తగ్గడం, రక్తహీనత వంటివి లేకపోయినా, తొమ్మిదేళ్లయింది కాబట్టి మరోసారి ఎండోస్కోపీ చేయించారు. ఒరుపులు లేవు, బారెట్స్ లేదు.

ఆ రిపోర్టు చూశాక వొనోప్రజాన్ అవసరం లేదని మొదటి డాక్టరుగారు కూడా ఒప్పుకున్నారు. ఒట్టి పాంటాప్రజోల్ 40, రాత్రి భోజనానికి ముప్పావు గంట ముందు, నాలుగు వారాలు వాడింది. టిఫిన్ తర్వాత వేసుకున్నప్పటి కంటే ఇదే బాగుందని అంది. గత మూడు వారాలుగా 20కి దిగాము. ఫామోటిడిన్ మెట్టు ఎప్పుడన్నది ఇంకా నిర్ణయించలేదు. సంక్రాంతికి పిల్లలందరూ వస్తారు, అరిసెలు, గారెలు, రాత్రి ఆలస్యపు భోజనాలు ఉంటాయి, ఆ పది రోజులూ ఏమీ మార్చవద్దని అమ్మ డాక్టరుగారికే చెప్పింది, ఆయన నవ్వి సరేనన్నారు. టీఎస్‌హెచ్ పరీక్ష వచ్చే వారం ఉంది.

20కి దిగిన మొదటి వారం నాలుగు రాత్రులు మంట వచ్చింది. మాస్టారు రాసిన డెన్మార్క్ సంగతి ముందే చదివి వినిపించాను కాబట్టి ఆమె భయపడలేదు, మళ్లీ 40 అడగలేదు. డాక్టరుగారు ఇచ్చిన ఆల్జినేట్ సిరప్ రెండు చెంచాలు తాగి, ఎడమవైపు తిరిగి పడుకుంది. వంటగదిలో వేలాడే తెలుగు క్యాలెండరులో మంట వచ్చిన రోజున తిథి పక్కన పెన్సిలుతో 'మం' అని రాసుకుంటోంది. ఈ వారంలో ఆ అక్షరం ఒక్క చోటే ఉంది, మంగళవారం నాడు. ఆ రోజు రాత్రి మా చెల్లెలు ఊరి నుంచి ఆలస్యంగా వస్తే, దానితో కలిసి తొమ్మిదిన్నరకు మినపట్టు, అల్లం పచ్చడి తిన్నది.